బురదలో ఏముందని వస్తాయి? చెన్నై తీరపు వలస నీటిపక్షుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో స్థిరపడిన తెలుగువాళ్లం కొందరం చలికాలం ఆదివారాల్లో పక్షులు చూడటానికి వెళ్తుంటాం. కొత్తగా మాతో వచ్చేవాళ్లు అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు అవే. సూళ్లూరుపేట లోకల్ రైలులో ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పి గొంతు పోగొట్టుకునే కంటే ఒకసారి రాసి పెట్టడం మేలనిపించింది. వరస ఏమీ లేదు. అడిగినవి అడిగినట్టే పెట్టాను.

చెన్నై చుట్టుపక్కల ఈ పక్షులు ఎక్కడెక్కడ దిగుతాయి?

దక్షిణం నుంచి మొదలుపెడితే కోవళం, ముట్టుకాడు ఉప్పుటేరు, కేళంబాక్కం ఉప్పు మడులు, పళ్లికరణై చిత్తడి నేల, అడయారు నది సముద్రంలో కలిసే చోటు. ఉత్తరాన ఎన్నూరు క్రీక్, కాట్టుపల్లి వైపు ఉప్పు మడులు, ఆ పైన పులికాట్ సరస్సు. పులికాట్‌కు మన పాత పేరు ప్రళయ కావేరి. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది, దక్షిణ కొస మాత్రం తమిళనాడులో ఉంది. పక్షులకు ఈ హద్దు తెలియదు. రెండు రాష్ట్రాల అటవీ శాఖలకు మాత్రం బాగా తెలుసు.

లోపలికి వెళ్తే వేడంతాంగల్, కరికిలి, మన వైపు నేలపట్టు ఉన్నాయి. ఇవి మంచినీటి చెరువులు, గూళ్లు కట్టుకునే చోట్లు. తీరం మేత మేసే చోటు. ఒకే పక్షికి రెండూ కావాలి. నేలపట్టులో గూడు పెట్టిన గూడబాతు (పెలికాన్) పిల్లల కోసం చేపలు తేవడానికి పులికాట్‌కు వెళ్లి వస్తుంది. అందుకే ఒక చెరువు చుట్టూ కంచె వేసి పక్షులను కాపాడేశామంటే నాకు నమ్మకం కుదరదు.

మా ఊళ్లో ‘సైబీరియా కొంగలు’ అంటారు. అవేనా ఇవి?

ఈ ప్రశ్న అడగని తెలుగువాడిని నేనింతవరకు చూడలేదు. తేలినీలాపురం నుంచి ఉప్పలపాడు దాకా చెట్ల మీద గూళ్లు పెట్టే ఎర్రకాళ్ల కొంగలనూ, గూడబాతులనూ, నత్తగుల్ల కొంగలనూ సైబీరియా నుంచి వచ్చాయనే చెబుతారు. అవి సైబీరియా మొహం చూసి ఎరగవు. మన దేశంలోనే, మహా అయితే పొరుగు దేశాల దాకా, నీళ్లను బట్టి, మేతను బట్టి తిరిగే పక్షులవి. గుడ్లు పెట్టేది ఇక్కడే కాబట్టి ఇది వాటి పుట్టిల్లు. ఊళ్లవాళ్లు వాటిని ఆడపడుచుల్లా చూసుకోవడంలో అర్థం ఉంది. తప్పల్లా ఊరి పేరులోనే. అసలు సైబీరియా కొంగ అని పిలవదగ్గ తెల్లటి క్రేన్ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తర్వాత అక్కడ కూడా కనిపించలేదు.

మరి నిజంగా సైబీరియా నుంచి వచ్చేవి లేవా అంటే, ఉన్నాయి. కానీ వాటిని ఎవరూ చూడరు. పిచ్చుకంతో, కాస్త పెద్దగానో, బురద రంగులో, బురదలోనే పరుగులు పెడుతుంటాయి. లిటిల్ స్టింట్ అనే పిట్ట బరువు ఇరవై అయిదు గ్రాముల చిల్లర, అంటే కోడిగుడ్డులో సగం. ఉత్తర ధ్రువానికి దగ్గర టండ్రా నేలల్లో పుట్టి చలికాలానికి పులికాట్ బురదలోకి వస్తుంది. కర్ల్యూ శాండ్‌పైపర్ దాదాపు అరవై గ్రాములు ఉంటుంది, దాని ముక్కు కొస కిందికి వంగి ఉంటుంది. అదీ అటు నుంచే వస్తుంది. రాజహంసల (ఫ్లెమింగోల) వెనక ఎండలో కదిలే మట్టి చుక్కలే అసలు దూరప్రయాణికులు.

ఇంత దూరం ఎందుకు రావడం?

అక్కడ చలికాలంలో నేల గడ్డకడుతుంది, పురుగు దొరకదు. ఇక్కడ అదే సమయంలో ఈశాన్య రుతుపవనాల వానలకు ఏర్లు, ఉప్పుటేర్లు నిండి, తర్వాత నెమ్మదిగా తీస్తుంటాయి. ఆ తీసే నీళ్ల వెంట మేత బయటపడుతుంది. వీటి దారిని మధ్య ఆసియా వలస మార్గం అంటారు. ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా ముప్పై దేశాల మీదుగా సాగుతుంది. మన దేశం దాని నడిబొడ్డున ఉంది. వలస జీవుల అంతర్జాతీయ ఒప్పందం సభ్య దేశాల సమావేశం 2020 ఫిబ్రవరిలో గాంధీనగర్‌లో జరిగినప్పుడు కూడా ఈ మార్గం ప్రస్తావన గట్టిగానే వచ్చింది.

మార్గం అంటే రోడ్డులా ఒక గీత అనుకోవద్దు. మధ్యలో దిగి, తిని, కొవ్వు పట్టించుకుని మళ్లీ ఎగిరే మజిలీల వరస అది. ఒక మజిలీ పోతే తర్వాతి దానికి చేరే బలం ఉండదు. తిరుమలకు కాలినడకన వెళ్లే దారిలో చలివేంద్రాలు మూసేస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆ బురదలో ఏముంది?

పోయిన జనవరిలో శ్రీహరికోట రోడ్డు మీద, సరస్సు రెండు వైపులా కనిపించే చోట, ఒక స్టింట్‌ను అరగంట చూశాను. నాకూ దానికీ మధ్య ఇరవై అడుగులు ఉండవు. నేను కదలకుండా గట్టు మీద కూర్చున్నాను కాబట్టి అదే దగ్గరకు వచ్చింది. కుట్టుమిషను సూది పడినట్టు టకటకా ముక్కు గుచ్చుతోంది. మూడడుగుల నేల వదలకుండా అటూ ఇటూ తిరిగింది. ఒకసారి మాత్రం ఆగి, దారప్పోగంత సన్నని ఎర్రటి పురుగును లాగింది. పురుగు సాగింది, తెగలేదు, బయటికి వచ్చింది. పిట్ట దాన్ని పక్కనే ఉన్న నీళ్లలో ఒకసారి ముంచి మింగింది. ఆ తర్వాత ఆ చోటుకు వెళ్లి చూస్తే తడి మట్టి నిండా గుండుసూది తలంత రంధ్రాలు.

ఆ రంధ్రాల కింద పురుగులు, బుల్లి నత్తలు, గవ్వలు, రొయ్య పిల్లలు, ఈగల పిల్లపురుగులు ఉంటాయి. పోటు వచ్చినప్పుడు సముద్రం కొంత మేత తెస్తుంది, ఏరు వచ్చినప్పుడు కొంత. రెండు రకాల నీళ్లూ కలిసే చోట మట్టి ఇంత బలంగా ఉంటుంది. మన తీరంలో ఆ నేలను పర్ర అంటారు. రెవెన్యూ కాగితాల్లో మాత్రం తరచుగా బంజరు అనో, పనికిరాని భూమి అనో ఉంటుంది. సగం సమస్య ఆ మాటతోనే మొదలవుతుంది. బంజరు అని రాసిన చోట ఏదైనా కట్టవచ్చు. మేత బయలు అని రాసి ఉంటే కాస్త జంకుతారు.

చెరువు నిండా నీళ్లుంటే పక్షులకు మంచిదే కదా?

అన్నిటికీ కాదు. పక్షి కాలు ఎంతో దాని లోతు అంత. స్టింట్‌కు వేలి మందం నీళ్లు చాలు. ఎర్రటి పుల్లల్లాంటి కాళ్లున్న స్టిల్ట్ జానెడు లోతు దాకా నడుస్తుంది. సూదితోక బాతు తల కిందికి ముంచి, తోక పైకి లేపి అడుగున ఉన్నది అందుకుంటుంది కాబట్టి ఇంకాస్త లోతు ఫరవాలేదు. రాజహంస మోకాళ్లు మునిగేదాకా వెళ్లగలదు, కాళ్లతో అడుగును తొక్కి కలిపి, ముక్కు తలకిందులు చేసి బురద నీళ్లను జల్లెడ పడుతుంది. ఆ మేతలో ఉండే రంగే దాని రెక్కల గులాబీ రంగు. అందుకే బూడిద రంగులో ఉన్న పిల్ల రాజహంసలను చూసి జబ్బు చేసిందేమో అని కంగారు పడనక్కర్లేదు, వాటికింకా రంగు పట్టలేదు.

పులికాట్ సగటున మీటరు లోతు. వానలు విపరీతంగా పడిన ఏడాది నీళ్లు లోతుగా నిలిచి రాజహంసలు తక్కువగా కనబడతాయి, అదే ఏడాది నేలపట్టులో గూడబాతులకు పండుగ. ‘ఈసారి పక్షులు రాలేదట’ అని పేపర్లో చూసి నిట్టూర్చే ముందు ఏ పక్షులు అని అడగాలి.

మా కాలనీ చెరువును బాగుచేశారు. అప్పటి నుంచి పక్షులు రావడం లేదు. ఎందుకు?

బాగుచేశారు కాబట్టే.

మా ఇంటికి నడిచి వెళ్లే దూరంలో ఒక చెరువు ఉండేది. ఉండేది అంటే ఇప్పటికీ ఉంది, ఇంకా అందంగా. నిలువుగా తవ్వి లోతు చేశారు, గట్టుకు రాతి కట్టడం కట్టారు, చుట్టూ నడకదారి వేశారు, మధ్యలో పూలమొక్కల దిబ్బ పెట్టారు, రాత్రంతా వెలిగే దీపాలు నిలబెట్టారు. అంతకు ముందు ఏటవాలుగా ఉండే గట్టు మీద ఫిబ్రవరి వచ్చేసరికి నీళ్లు తీసి ఆరడుగుల బురద బయటపడేది. ఆ ఆరడుగుల్లోనే ఉల్లంకి పిట్టలు (బురదలో తిరిగే చిన్న పిట్టలు), బూడిద రంగు కొంగలు. ఇప్పుడు గట్టు నిలువు, నీళ్లు ఎక్కడ చూసినా నిలువు లోతు. నీటికాకులు నాలుగు మిగిలాయి, ఎందుకంటే అవి మునిగి చేపలు పడతాయి. ప్రారంభోత్సవం నాడు నేనూ మిఠాయి తిన్నాను. సమావేశంలో ఒక పక్కన గట్టును ఏటవాలుగానే వదలమని అడిగినప్పుడు ‘సార్, పాములు వస్తాయి’ అన్నారు. గట్టిగా వాదించాల్సింది, వాదించలేదు.

మీ చెరువు పనులు ఇంకా మొదలు కాకపోతే అడగాల్సినవి ఇవే: కనీసం ఒక ఒడ్డు ఏటవాలుగా ఉంచండి, అంతటా ఒకే లోతు చేయకండి, ఆ ఒడ్డు వైపు నడకదారి, దీపాలు వద్దు.

మడ మొక్కలు నాటితే తీరానికి మంచిదట. మా ఆఫీసువాళ్లు వెళ్తున్నారు. వెళ్లమంటారా?

ఎక్కడ నాటుతున్నారో ముందు అడగండి. మడ అడవి గొప్పదే. అలల దెబ్బకు అడ్డు నిలుస్తుంది, చేపపిల్లలకు నీడనిస్తుంది. పూర్వం మడ ఉండి నరికేసిన చోట మళ్లీ నాటితే అంతకన్నా మంచి పని లేదు. కానీ ఫొటోకు వీలుగా ఉంటుందని, ఎవరూ అడ్డు చెప్పరని ఖాళీగా కనబడే బురద మేటల మీద నాటేవాళ్లు ఎక్కువ. ఆ మొక్క బతికితే బురద పోతుంది, ఉల్లంకుల మేత పోతుంది. చచ్చిపోతే డబ్బు పోతుంది. అసలు ఈ జాతి పిట్టలు చెట్ల దగ్గర దిగవు. చెట్టు చాటున డేగ ఉంటుందని వాటి భయం. నాలుగు దిక్కులా కనబడే బయలే వాటికి ఇల్లు. సర్కారు తుమ్మ కమ్ముకున్న గట్ల దగ్గర కూడా ఇదే కథ. అక్కడ మొక్క నాటడం కంటే తుమ్మ కొట్టడం పుణ్యం.

పళ్లికరణైలో ఒక పక్క చెత్త దిబ్బ, ఇంకో పక్క ఐటీ ఆఫీసులు. అక్కడ పక్షులు ఎలా ఉంటున్నాయి?

వేరే చోటు లేక. ఒకప్పుడు దక్షిణ చెన్నైలో చాలా దూరం పరుచుకున్న చిత్తడి నేల అది. రోడ్లు, కాలనీలు, పెరుంగుడి చెత్త దిబ్బ అన్నీ దాని మీదే లేచాయి. మిగిలిన ముక్కలో కొంత భాగాన్ని 2007లో రక్షిత అటవీ ప్రాంతంగా ప్రకటించారు. 2022లో 1,247 హెక్టార్లకు పైగా నేలకు రామ్సార్ గుర్తింపు వచ్చింది. దిబ్బను తవ్వి చెత్తను వేరు చేసే పని కొన్నేళ్లుగా సాగుతోంది.

ఇది పక్షుల సంగతి మాత్రమే కాదు. చుట్టుపక్కల చెరువుల మిగులు నీళ్లు పళ్లికరణైలోకి చేరి, ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హామ్ కాలువలో పడి, కోవళం దగ్గర సముద్రంలో కలవాలి. ఆ దారి ఇరుకైతే నీళ్లు వేళచ్చేరి ఇళ్లలో నిలుస్తాయి. 2015లో నిలిచాయి, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోనూ నిలిచాయి. ‘మీకు పిట్టలే ముఖ్యమా, మనుషులు కాదా?’ అని అడిగే మా అపార్ట్‌మెంటు పెద్దాయన కారు రెండుసార్లూ మునిగింది. రాజహంస నిలబడే చోటే వాన నీళ్లు నిలబడే చోటు. దాన్ని పూడిస్తే రెండూ వేరే చోటు వెతుక్కుంటాయి.

రామ్సార్ గుర్తింపు వస్తే ఇక భయం లేనట్టేనా?

కాదు. రామ్సార్ అనేది 1971లో ఇరాన్‌లోని ఆ పేరు గల ఊళ్లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం. గుర్తింపు గౌరవం తెస్తుంది, కన్ను పడేలా చేస్తుంది. కానీ బుల్‌డోజర్‌ను ఆపేది మన చట్టాలే: 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 2017 చిత్తడి నేలల నిబంధనలు, సముద్రతీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్. ఈ చివరి దాంట్లో బురద మేటలు, మడ అడవులు, ఉప్పు చిత్తళ్లు, పక్షులు గూళ్లు పెట్టే చోట్లు అత్యంత కట్టుదిట్టమైన తరగతిలోకి వస్తాయి. రొయ్యల చెరువుల మీద 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా తీరం విషయంలో మరిచిపోకూడనిది.

కాగితం మీద బలం బాగానే ఉంది. గొడవంతా హద్దుల దగ్గర. పటంలో గీత ఎక్కడ గీశారు, దాని చుట్టూ ఎంత దూరం కట్టడాలు ఆపాలి అన్నదే తగాదా. పళ్లికరణై హద్దుల విషయం 2025లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. మీ ఇంటి దగ్గర చిత్తడి నేల ఉంటే సర్వే నంబర్లు తెలుసుకుని పెట్టుకోండి. పక్షి పేరు తెలిసిన వాళ్లు వందమంది దొరుకుతారు, సర్వే నంబరు తెలిసినవాడు ఒక్కడు దొరకడు.

ఎన్నూరులో నూనె పడినప్పుడు పక్షులకు ఏమైంది?

2023 డిసెంబరు వరదల్లో చమురు క్రీక్‌లోకి చేరింది. గూడబాతుల రెక్కలు నల్లగా మారిన ఫొటోలు మీరూ చూసి ఉంటారు. రెక్కల ఈకలు ఒకదానితో ఒకటి అల్లుకుని నీరు లోపలికి పోకుండా ఆపుతాయి. నూనె తగిలితే ఆ అల్లిక విడిపోతుంది. పక్షి తడుస్తుంది, బరువెక్కుతుంది, వణుకుతుంది. శుభ్రం చేసుకుందామని ముక్కుతో దువ్వుకుంటే ఆ నూనె కడుపులోకి పోతుంది. కంటికి కనబడిన నష్టం అది. కనబడనిది బురదలోకి దిగిన నూనె: పురుగు చచ్చిన మేటకు పిట్ట రాదు. పడవలు, వలలు పాడై జాలర్ల బతుకులూ ఆగిపోయాయి. చాలామంది బకెట్లతో, మగ్గులతో ఆ నూనెను ఎత్తిపోయడం టీవీలో చూసి మా అమ్మ ఆ పూట చేపల కూర చేయలేదు.

జాలర్ల వల్లే పక్షులు తగ్గుతున్నాయంటారు. నిజమా?

నేను నమ్మను. పులికాట్‌లో పాడు అనే పాత కట్టుబాటు ఉంది. ఎవరి వంతు ఎప్పుడు, ఎవరు ఎక్కడ వల వేయాలి అన్నది ఊరి పెద్దలే తేలుస్తారు. నడుం లోతు నీళ్లలో చేతులతో తడిమి రొయ్యలు పట్టే యానాదులు పక్షులు మేసే చోటే వేటకు వెళ్తారు. వాళ్లకూ పక్షికీ ఒకే బురద ఆధారం. సరస్సు ముఖద్వారం ఇసుకతో పూడిపోతే సముద్రపు నీళ్లు రావు, రొయ్య పిల్ల రాదు, ముందు ఏడ్చేది జాలరి. అరణి, కాళంగి, స్వర్ణముఖి తెచ్చే నీళ్లు తగ్గినా అంతే. ముఖద్వారం తెరవమని ఏళ్ల తరబడి అడుగుతున్నది వాళ్లే. కన్ను మరీ సన్నగా ఉండే వలలు, ఉల్లంకులకు ఉచ్చులు పెట్టడం వంటివి ఉన్నాయి, ఆపాల్సిందే. రోడ్డు పక్కన ఎవరైనా ఉల్లంకి మాంసం అమ్మితే కొనకండి, అది నేరం. కానీ కొన్ని ఉచ్చులను చూపించి, పూడిన ముఖద్వారాన్నీ పారే మురుగునూ పక్కన పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

వేడంతాంగల్ రైతులనే చూడండి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని వాళ్లకు తరతరాలుగా తెలుసు. తుపాకులతో వచ్చే దొరల మీద ఫిర్యాదు చేసి, 1798లో అప్పటి కలెక్టరు దగ్గర హామీ పత్రం రాయించుకున్నారు.

దగ్గరకు వెళ్తే ఎగిరిపోతాయి, మళ్లీ వస్తాయి కదా. నష్టమేమిటి?

ఒకసారి ఎగిరితే ఏమీ కాదు. కేళంబాక్కం దగ్గర ఒక ఉదయం గంటసేపట్లో ఒకే గుంపు నాలుగుసార్లు లేవడం చూశాను. మొదట కుక్కకు, తర్వాత డ్రోనుకు, మూడోసారి పెళ్లి ఫొటోలు తీసుకుంటున్న జంట కోసం చప్పట్లు కొట్టిన ఫొటోగ్రాఫరుకు. నాలుగోది నా వల్లే, కాలు జారి పడ్డాను. లేచిన ప్రతిసారీ కరిగేది తిరుగు ప్రయాణానికి దాచుకున్న కొవ్వు. పైగా పోటు సమయంలో బురద మునిగినప్పుడు అవి ఉప్పు మడుల గట్ల మీద ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తాయి. అప్పుడు ‘ఏమీ చేయడం లేదు కదా’ అని దగ్గరకు పోయేవాళ్లు ఎక్కువ. తల ఎత్తి మిమ్మల్నే చూస్తున్నాయంటే ఆగండి. రెండడుగులు వెనక్కి వేస్తే మళ్లీ మేస్తాయి.

మరమరాలు, బ్రెడ్డు వేయవచ్చా?

వద్దు.

దెబ్బ తగిలిన పక్షి కనబడితే?

అటవీ శాఖకు ఫోను చేయండి. వాళ్లు వచ్చేలోపు కుక్కలు, జనం దగ్గరకు రాకుండా చూడండి. నూనె అంటిన పక్షిని మీరే కడగబోవద్దు. గుంపుగా చచ్చిపడి ఉంటే తాకకండి, బర్డ్ ఫ్లూ కావచ్చు.

వీటికి తెలుగు పేర్లు లేవా?

పెద్దవాటికి ఉన్నాయి: గూడబాతు, నీటికాకి, నత్తగుల్ల కొంగ, తెడ్డుమూతి కొంగ, సూదితోక బాతు. బురదలో తిరిగే చిన్నవాటిని మనవాళ్లు అన్నిటినీ కలిపి ఉల్లంకి అనేశారు. పోయేటప్పుడు వచ్చేటప్పుడు రంగులు మార్చే ఇరవై రకాలకు ఒకే పేరు. కర్ల్యూ శాండ్‌పైపర్ ఇక్కడున్నంత కాలం బూడిద రంగు, ఏప్రిల్‌లో బయల్దేరే ముందు ఇటుక రంగు. 2024లో దీన్ని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ముప్పు అంచు నుంచి ముప్పులో ఉన్న జాతుల్లోకి (వల్నరబుల్) మార్చింది. మన భాషలో దానికి ప్రత్యేకంగా పేరైనా లేదు. మా గుంపులో ఒక చిన్న పాప దాన్ని ‘వంకర సూది’ అంటుంది. మేమూ అదే అంటున్నాం.

నాకు పెద్దగా తెలియదు. లెక్కింపుల్లో పాల్గొనవచ్చా?

రావచ్చు. ఆసియా నీటిపక్షుల గణన ఏటా జనవరిలో జరుగుతుంది. 1987లో మొదలైంది. సంక్రాంతి రోజుల్లో తమిళనాడంతటా పొంగల్ పక్షుల లెక్కింపు ఉంటుంది, దానికి మీ మేడ మీద పదిహేను నిమిషాలు నిలబడినా చాలు. చూసింది ఈబర్డ్ యాప్‌లో ఎక్కించాలి. మద్రాస్ నేచురలిస్ట్స్ సొసైటీ 1978 నుంచి నడుస్తోంది, వాళ్లతో వెళ్తే త్వరగా నేర్చుకుంటారు. లెక్కపెట్టడానికి ఒక చిట్కా: గుంపులో పది పక్షులను వేళ్ల మీద లెక్కించి, ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో చూసి, మిగతా గుంపును అంతేసి ముక్కలుగా కొలవండి. మొదట్లో అందరూ తక్కువే చెబుతారు.

ఎప్పుడు, ఎలా వెళ్లాలి?

నవంబరు నుంచి మార్చి దాకా, తెల్లవారుజామున. ఊళ్లోనే అయితే పళ్లికరణై రోడ్డు పక్క నుంచే చూడవచ్చు. పులికాట్ తమిళనాడు వైపుకైతే లోకల్ రైలులో పొన్నేరి దిగి పళవేర్కాడు (పులికాట్ తమిళ పేరు) బస్సెక్కాలి. ఆంధ్ర వైపుకైతే సూళ్లూరుపేట దిగి శ్రీహరికోట రోడ్డు పట్టాలి. పడవ షికారు చేస్తామని ఎవరైనా పిలిస్తే వెళ్లకండి. 2011 క్రిస్మస్ నాడు పులికాట్‌లో పడవ మునిగి ఇరవై మందికి పైగా చనిపోయారు. బైనాక్యులర్స్ ఎనిమిది రెట్లది చాలు. లేకపోతే మా దగ్గర రెండు అదనంగా ఉన్నాయి, ఒకదాని పట్టీ తెగింది. తలకు టోపీ, నీళ్ల సీసా తెచ్చుకోండి. తెల్ల చొక్కా మాత్రం వేసుకు రావద్దు, పక్షులు బెదురుతాయి, పైగా ఆ బురద మరక పోదు.